నూలు మూటలతో ఎమ్మిగనూరుకు

నేత పని ఆగిపోయి, మా తమ్ముడు మల్లేశు పట్టాళంలో చేరబోతున్నాడని పుట్టింటి నుంచి కబురు వచ్చింది. అమ్మ ఒకటే ఏడుపట. మా ఆయనకు బడి ఉంది కాబట్టి, పోయిన సోమవారం ఆదోనిలో నేనొక్కదాన్నే ఎమ్మిగనూరు బస్సెక్కాను. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క ఇప్పుడు బస్సులు బొగ్గు గ్యాసుతో నడుస్తున్నాయి. టికెట్టు ఆరణాలు. ఎండెక్కకముందే బయలుదేరితే భోజనాల వేళకు చేరవచ్చు. నల్లరేగడి చేల మధ్య దారి బాగుంటుంది కానీ, చిన్న ఎత్తు వచ్చినా బస్సుకు ఆయాసమే.

మాదీ ఆగింది. "దిగండక్కా, రోంత తోస్తే లేస్తాది," అన్నాడు డ్రైవరు ఖాసిం నవ్వుతూ.

"పైన అంత బరువెందుకేసినావన్నా?" అన్నాను, కొంగు బిగించి తోస్తూ.

"నూలు మూటలక్కా. పట్టాళానికి గాయాల కట్టు బట్ట నేయాలంట. సీరలకైతే పోగు కూడా ఇయ్యరు, దీనికైతే మూటలే!"

ఎమ్మిగనూరులో బస్సు ఆగిన చోటే పట్టాళంలోకి మనుషులను చేర్చుకునే గుడారం ఉంది. దాని ముందు వరుసలో మా మల్లేశు! పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"వదులక్కా. మగ్గం మీద పోగు లేదు. ఈడైతే మూడు పూటలా అన్నం పెడతారంట."

"ఆ బస్సు మీదికి సూడురా!"

వాడికంటే ముందు వెనకున్నతను చూశాడు. "నూలొచ్చిందిరోయ్!" అని అరిచాడు. క్షణంలో వరుసంతా బస్సు చుట్టూ చేరింది. మూటలు దించడానికి పైకెక్కినవాళ్లలో మావాడే మొదటివాడు. గుడారం దగ్గర నేనూ, మీసాల హవల్దారూ మిగిలాం. కోప్పడతాడనుకుంటే పకపకా నవ్వాడు.

"నేనూ పంట పోయిన ఏడాదే చేరినానమ్మా. నూలొస్తే మా గుడారం ఖాళీ. వాన రాకపోతే మళ్లా నిండుతాది."

నూలు పంచితే మావాడికీ వంతు వచ్చింది; సాయంత్రానికి మా ఇంట్లో మగ్గం చప్పుడు మొదలైంది. అమ్మ నవ్వుతూ రాట్నం ముందు కూర్చుంది. "యుద్ధం నిలిస్తే ఈ పనీ నిలిచిపోతాదేమోక్కా," అన్నాడు మల్లేశు.

యుద్ధాలు పెద్దవాళ్ల పంతాల వల్లే సాగుతాయని అనుకునేదాన్ని. మన ఇళ్లలోని ఖాళీ కుండలు కూడా వాటికి మనుషులను పంపుతాయని ఈ ప్రయాణంలో తెలిసింది. మావాడు నేసే బట్ట ఎక్కడో ఇంకొక అక్క తమ్ముడి గాయానికి చుట్టుకుంటుంది. అయినా, వాడు ఇంట్లో అన్నం తింటుంటే చూసిన సంతోషాన్ని దాచుకోలేను.

ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఈ రోజుల్లో హోటళ్లలో తిండి దొరుకుతుందన్న నమ్మకం లేదు. జొన్నరొట్టెలు కట్టుకొని పోండి, మీకు కావలసినదానికంటే రెండు ఎక్కువే.