ఓడలో లేడీ డాక్టరు

మా ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. గజపతినగరం హైస్కూల్లో ఎనిమిది చదువుతున్నానని కాస్త తలపొగరు కూడా ఉండేది. అమ్మకీ, పెళ్లయిన మా అక్కకీ అక్షరం ముక్క రాదు. నాన్న పోయాక ఇంటికొచ్చిన ప్రతి ఉత్తరం నా నోటి మీదుగానే వాళ్లకు చేరేది.

అరవైల చివర్లో బావకి అండమాన్లో కలప కోసే మిల్లులో పని దొరికింది. అక్కకి ఆరో నెల నిండాక ఉత్తరం రాశాడు. ఉండడానికి ఇల్లిచ్చారు, సెలవు మాత్రం ఇవ్వరు, విశాఖపట్నం నుంచి బయల్దేరే ఓడకి అక్కని పంపమని. పక్క ఊరి దంపతులు అదే ఓడలో వస్తున్నారు, తోడుంటారని. మిగతా రెండు పేజీలూ ఓడ గొప్పలే.

మూడంతస్తుల ఓడట. అడుగున బంకులు, రైల్లో పడక బల్లల్లా ఒకదాని మీద ఒకటి. పిల్లాజెల్లాతో వచ్చేవాళ్లకి నాలుగు పడకల గదులు, గదికో గుండ్రటి అద్దం కిటికీ. పైన పిల్లలు పరుగెత్తేంత జాగా. వేళకి గంట కొట్టి అన్నం పెడతారు. ఎటు చూసినా కరెంటు దీపాలు. ఓడకేమైనా అయితే ఎక్కడానికి రెండు పక్కలా వేలాడేసిన చిన్న పడవలు. జ్వరానికీ వాంతులకీ మందులిచ్చే కాంపౌండరు.

పద్యం చదివినట్టు రాగం తీసి మరీ చదివాను. మా ఇంటికి కరెంటు లేని రోజులవి.

అమ్మ మాత్రం చేటలో బియ్యం ఏరడం ఆపలేదు. "తొలి కానుపు పుట్టింట్లో అవ్వాల. దార్లో నొప్పులొస్తే ఏటి సేస్తాది? సూసీదానికి ఆ ఓడలో ఆడమనిసి ఉన్నాదేటి? ముందు అది సదువు."

ఉత్తరంలో అది లేదు. గుమ్మం పక్కన నిలబడి అక్క నా వైపే చూస్తోంది. ఐదు నెలలుగా మొగుణ్ని చూడని మనిషి. ఆ చూపుకి కరిగానో, అంత ఓడలో అది మాత్రం ఉండదా అన్న నా తెలివికి నేనే మురిశానో, కాగితం మీంచి కళ్లెత్తకుండా చదివేశాను. "లేడీ డాక్టరు ఉన్నారు. నర్సు కూడా ఉంది."

"అలగైతే ఎల్లనీ," అంది అమ్మ. అక్క మొహం వెలిగిపోయింది.

హార్బరులో ఓడని చూసి అమ్మ నోరు తెరిచేసింది. "ఓలమ్మో, మన పేటంతా ఇందులో పట్టీస్తాది!" తర్వాత అక్క తల నిమురుతూ చెప్పింది. "ఒంట్లో ఏటైనా బాగోకపోతే సిగ్గుపడకే. ఆ డాక్టరమ్మని పిలిపించుకో." అక్క బుద్ధిగా తలూపింది. నేను పక్కనే ఉన్నాను. అప్పుడైనా నోరు విప్పాల్సింది. అమ్మ తంతుందని భయపడ్డాను, అంతే.

నెల తిరక్కుండా బావ ఉత్తరం వచ్చింది. మూడోనాడు నడిసముద్రంలో నొప్పులొచ్చాయి. మగబిడ్డ. ఒక్క పూట కూడా బతకలేదు. అక్క పాత చీరలో చుట్టి సముద్రంలో విడిచిపెట్టారు. చివర్న ఇంకో మాట ఉంది. "లేడీ డాక్టర్ని పిలవండని ఒకటే అడిగిందట. అలాంటి డాక్టరుందని తనకి ఎవరు చెప్పారో నాకు తెలీదు."

ఆ చివరి మాట నేను పైకి చదవలేదు. నోరా వీపుకి తేకే అంటారు. నా నోరు అక్క కడుపుకి తెచ్చింది.

మరుసటి ఏడు అక్క ఇంటికొచ్చింది. లేడీ డాక్టరు మాట తను రాయలేదని బావ చెప్పే ఉంటాడు. అన్నాల దగ్గర అమ్మ ఉండబట్టలేక అడిగింది. "అంత ఓడలో డాక్టరమ్మ ఉండి కూడా బిడ్డని నిలబెట్టలేకపోనాదేటే?"

నేను కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. అక్క నా వైపు ఒక్కసారి చూసింది.

"ఆవిడ సేసినంతా సేసిందమ్మా. నా రాతే బాగోలేదు."

రెండు చెంపలూ వాయించి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. అక్క ముంత అందుకుని నా కంచంలో మజ్జిగ పోసింది. "తినవే, సిక్కిపోనావు," అంది.