జరీ డబ్బాలో నాయన రక్తం

నాకు భయమేస్తే నవ్వొస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. బళ్లో అయ్యవారు బెత్తం ఎత్తితే పక్కపిల్లలు బిక్కమొహం వేసేవాళ్లు, నేను కిసుక్కుమనేదాన్ని. దాంతో మిగతావాళ్లకంటే నాకు ఎక్కువ పడేవి. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. లేకపోతే ఆ రోజు ధర్మవరం నుంచి హిందూపురం దాకా రైల్లో నేను పగలబడి నవ్వుతూ పోయానంటే, నాకు మతి పోయిందనుకుంటారు.

నేను హిందూపురంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాను. గాజు స్లైడు మీద పూసి రంగు అద్దిన రక్తాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, ఏ కణం ఏదో గుర్తుపట్టి రాయాలి. మా డాక్టరమ్మకు నిర్వచనాల పిచ్చి. ఎవరికి తోచిన మాట వాళ్లు రాస్తే ఒప్పుకోదు. నాలుగు దేశాల డాక్టర్లు కూర్చుని ఒప్పుకున్న మాట ఏదో అదే రాయాలి, ఆ మాటకు వాళ్లు చెప్పిన గుర్తులన్నీ కణంలో కనబడితేనే రాయాలి. "అలా అనిపించింది మేడం" అన్నామా, అయిపోయామన్నమాటే.

ఆ పిచ్చి నాకూ అంటుకుంది. ధర్మవరంలో మా ఇంటికి పోయినప్పుడల్లా అందరి రోగాలకూ నిర్వచనాలు అడిగేదాన్ని. అవ్వ మంచమ్మీద కూర్చుని "ఒళ్లంతా ఒగమాదిరిగా ఉండాదే" అంటే చాలు, వెంటపడేదాన్ని. ఒగమాదిరి అంటే ఏమాదిరి? నొప్పా, మంటా, తిమ్మిరా? యాడ మొదలైతాది, యాడికి పోతాది?

"అంతా నేనే చెప్తే నువ్వు సదివింది ఎందుకే?" అనేది అవ్వ. అమ్మ వంటింట్లోంచి నవ్వేది. మగ్గం గుంటలో కూర్చున్న నాయన మాత్రం పలికేవాడు కాదు. పట్టుచీర నేసేటప్పుడు ఆయనకు ఎవరి ఒళ్లూ పట్టదు, తన ఒళ్లు అసలే పట్టదు.

అలాంటి నాయన జ్వరమొచ్చి మగ్గం దిగాడు. పెళ్లిచీర ఒకటి సగంలో ఉండగా దిగాడంటే అది మామూలు జ్వరం కాదని వీధికంతా తెలిసిపోయింది. మెడ కింద గడ్డలు కూడా లేచాయి. ధర్మవరంలోనే ఒక చిన్న ల్యాబులో రక్తం ఇచ్చి, రిపోర్టు రాగానే అమ్మ నాకు ఫోన్ చేసి కూడబలుక్కుంటూ చదివింది. అందులో "అటిపికల్ లింఫోసైట్లు కనబడినాయి" అని ఉంది.

లింఫోసైటంటే రోగాలతో పోట్లాడే ఒక రకం తెల్లకణం. అటిపికల్ అంటే తీరు మారినదని. మా ల్యాబులో మేం ఆ మాటను రక్తక్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు తప్ప రాయం. ఉట్టి జ్వరానికి తీరు మారిన కణాలైతే "రియాక్టివ్" అని రాస్తాం, అంటే జ్వరంతో పోట్లాటకు లేచినవని.

నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఆపుకుంటే ఇంకా వచ్చింది.

"నగుతాండావంటే ఏం లేదన్నమాట, దేవుడా!" అంది అమ్మ. ఆమె ప్రాణం కుదుటపడింది. "ఏమప్పా, ఏం లేదంట. పాప నగుతాంది" అని నాయనకు చెప్పడం కూడా వినిపించింది.

వెంటనే ఆ ల్యాబుకు ఫోన్ కొట్టాను. ఎత్తినవాడు మంచి పిల్లాడు. తర్వాత్తర్వాత మా డాక్టరమ్మ వాణ్ని పిలిపించి నిర్వచనాలన్నీ వల్లెవేయించింది, ఇప్పుడు వాడే నాకు పాఠాలు చెప్తున్నాడు. ఆ రోజు మాత్రం ఇలా జరిగింది.

"అటిపికల్ అంటే ఏమని రాసినావప్పా?"

"అటిపికల్ అంటే అటిపికలే అక్కా. మామూలుగా లేవు."

"మామూలుగా లేకపోతే ఎట్లుండాయి?"

"మామూలుగా లేనివి ఎట్లుంటాయో అట్లే ఉండాయక్కా."

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఎందుకో తెలియకుండానే వాడూ నవ్వాడు.

తెల్లారి మొదటి రైలుకే ధర్మవరం పోయాను. నాయన మంచమ్మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. క్యాన్సరనే మాట నా నోటికి రాలేదు. ఒకే మాటను ఈ ల్యాబు ఒకలా, మా ల్యాబు ఒకలా వాడుతున్నట్టుంది, అదొక్కటే తేలాలి అని మాత్రం చెప్పాను, మధ్యమధ్యలో కిలకిలా నవ్వుతూ.

"వంకాయరంగు మాదిరేనా?" అన్నాడు నాయన.

మా వీధిలో పుట్టినవాళ్లకు ఆ మాట చాలు. షావుకారు ఫోన్లో వంకాయరంగు చీర కావాలంటాడు. ఆయన మనసులో ఉన్న వంకాయ ఒకటి, రంగులద్దేవాడి వంకాయ ఒకటి, నేసేవాడి వంకాయ ఇంకొకటి. చీర దిగాక అరుపులూ కేకలూ. అందుకని నాయన మాట మీద పని మొదలుపెట్టడు. షావుకారు తనకు కావాల్సిన రంగు పట్టుపోగు ఒకటి తెచ్చివ్వాలి. రేపు తగాదా వస్తే ఇద్దరూ గడప దాటి వెలుతుర్లోకి వచ్చి, ఆ పోగును చీర మీద పెట్టి చూసుకోవాలి. అక్కడితో నోళ్లు మూతపడతాయి.

"మాటలు వద్దు పాపా. పోగు తీసుకోని పోదాం" అన్నాడు.

ఇక్కడ పోగంటే స్లైడే. ల్యాబు పిల్లాడు అడగ్గానే ఇచ్చాడు. అమ్మ దాన్ని దూదిలో చుట్టి జరీ డబ్బాలో పెట్టింది. నాయన ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని, జ్వరం కాస్త దిగిన మొహంతో, రైల్లో కిటికీ పక్కన దొరలా కూర్చున్నాడు.

పెనుకొండ దాకా బాగానే ఉంది. అక్కడ ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాళ్లు గుంపుగా ఎక్కారు. నిద్రమొహంతో ఉన్న ఒకాయన తన టిఫిను సంచి తీసుకొచ్చి సరిగ్గా డబ్బా మీద పెట్టబోయాడు.

"ఏమబ్బా, జాగర్త! దీంట్లో నా రక్తముండాది" అని అరిచాడు నాయన.

రైలుపెట్టెలో అందరూ వెనక్కి జరిగారు. ఆ తర్వాత మా చుట్టూ ఎంత చోటు ఖాళీ అయిందంటే, నాయన కాళ్లు చాపుకున్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఎదురుగా కూర్చున్న ఒకావిడ నన్నే చూసి ముచ్చటపడి, "అంత సంతోషంగా యాడికి పోతాండారమ్మా?" అని అడిగింది.

"నా రక్తానికి పెండ్లిచూపులు తల్లీ" అన్నాడు నాయన.

ల్యాబులో డాక్టరమ్మ స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి, పక్కనున్న కంప్యూటర్ తెరను వెలిగించింది. నాయన తన రక్తాన్ని టీవీలో చూసుకున్నట్టు చూశాడు. చూసీ చూడగానే వంక పెట్టాడు.

"ఈ నీలం బాగలేదమ్మా. సరిగా పట్టలేదు. ఎవురద్దింది?"

"రంగు నమ్మొద్దన్నా" అంది డాక్టరమ్మ నవ్వుతూ. "ఒక్కో ల్యాబులో ఒక్కో తీరుగా పడుతుంది. మేం ఆకారం చూస్తాం." రంగును నమ్మొద్దనే మనిషిని నాయన తన జన్మలో మొదటిసారి చూశాడు.

ఆమె స్లైడును మెల్లగా జరుపుతూ పోయింది. ఒక్కో కణం దగ్గర ఆగేది, నిర్వచనంలోని గుర్తులు ఒక్కొక్కటే పైకి చదివేది. పెద్ద కణం, సరే. నడిమి కేంద్రకం చుట్టూ జాగా ఎక్కువ, సరే. పక్కనున్న ఎర్రకణాల సందుల్లోకి అంచులు ఒత్తుకుపోయి ఉండాలి, సరే. నేను చున్నీ నోట్లో కుక్కుకున్నాను. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాయన పోతే ఎట్లా అన్న ఒక్కమాటే తలలో తిరుగుతోంది.

"రియాక్టివ్" అంది డాక్టరమ్మ తెర వైపు తిరిగి. "వైరస్ జ్వరానికి లేచిన కణాలు, అంతే. చెడ్డవైతే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయన్నా. ఇవి చూడు, ఒకదాని పోలిక ఇంకోదానికి లేదు. జ్వరం పోయినాక ఇంకోసారి చూద్దాం, మామూలైపోయింటాయి."

నాయన తెర దగ్గరికి వంగి, కళ్లు చికిలించి, చాలాసేపు చూశాడు.

"అట్లయితే ఇవి చేతిమగ్గానివి. పవర్‌లూమువి కావు."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి పడి నవ్వింది. రక్తం తీసే అమ్మాయి, బయట వంతు కోసం కూర్చున్నవాళ్లు, అందరూ నవ్వారు. నాకు మాత్రం చున్నీలోంచి పెద్ద ఏడుపు తన్నుకొచ్చింది. చిన్నపిల్లలా నోరు తెరిచి, ముక్కు కారేటట్టు, వెక్కివెక్కి ఏడ్చాను.

డాక్టరమ్మ కంగారుపడి లేచింది. "ఏమైంది? నేను బాగుందనే కదా చెప్పాను?"

"ఏడ్వనీండమ్మా" అన్నాడు నాయన. జరీ డబ్బా మూత మెల్లగా బిగించాడు. "నిన్న పాప ఫోన్లో నగినప్పటి నుంచి నా పానం నా దగ్గర లేదు. ఇప్పుడు ఏడుస్తాంది గదా, నాకేం లేదని నమ్ముతా."