కంప్యూటర్‌కి కట్టిన ఎర్రగుడ్డ

మా చిన్నప్పుడు ఎర్రగుడ్డ కట్టి ఉన్న వస్తువును మా ఇంట్లో ఎవరూ ముట్టుకునేవాళ్ళం కాదు... అది ఫ్యాన్ కానీ, కుళాయి కానీ, ఆఖరికి ఊరుతున్న ఆవకాయ జాడీ కానీ.

నాన్నది ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో బోగీల మరమ్మతు పని. బోగీ కిందికి మనిషి దూరే ముందు ఎర్రజెండా పెట్టాలి. పెట్టినవాడే తియ్యాలి. ఇంకెవరైనా తీస్తే కింద ఉన్నవాడి ప్రాణాలకే ముప్పు. ఆ రూలును నాన్న ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని మా క్వార్టర్‌కి కూడా తెచ్చేశాడు. గుడ్డ కనిపిస్తే ఎందుకని అడగడం కూడా ఉండేది కాదు... పక్కనుంచి తప్పుకుని పోవడమే.

తొంభైల ఆఖర్లో మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. డిప్లొమా చదువుతున్న అన్నయ్య కోసమని తెచ్చారు గానీ, దాని ముందు ఎక్కువగా కూర్చున్నది అమ్మ...

మా వీధి తెలుగు పిల్లల్లో చాలామందికి అప్పటికే తెలుగు అరకొర. దాహం వేస్తే నీళ్ళకి బెంగాలీ మాట కలిపి "ఆంటీ, జొల్ ఇయ్యి" అనేవాళ్ళు. వేసవి సెలవుల్లో వాళ్ళకి తెలుగు నేర్పాలని అమ్మ పట్టుబట్టింది. తనే చిన్న చిన్న పాఠాలు అల్లి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, ఒంటి వేలితో టైపు చేసేది. మూడు నెలలకి ఇరవై రెండు పాఠాలయ్యాయి. సెలవులకి ఇంకో పదిరోజులే ఉంది...

అప్పుడే ఒక ఆదివారం అన్నయ్య స్నేహితుడి దగ్గర సీడీ తెచ్చి, విండోస్ పక్కనే లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఎక్కించాడు. ఆ రోజుల్లో అలా రెండూ పెడితే, ఆన్ చెయ్యగానే నల్లటి తెర మీద ఒక్క మాట వచ్చి ఆగేది. ఏది తెరవాలో మనమే చెప్పాలి. ఐదు సెకన్లలో ఇంగ్లీషులో డాస్ అని మూడక్షరాలు కొడితే విండోస్ వచ్చేది. కొట్టకపోతే దానంతటది లినక్స్‌లోకి పోయేది.

ఈ సంగతి అన్నయ్య ఎవరికీ చెప్పలేదు.

సోమవారం సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చేసరికి మానిటర్‌కి ఎర్రగుడ్డ కట్టి ఉంది.

అన్నయ్య పనే అనుకున్నాను నేను. నాన్నా అంతే, రిపేరేదో నడుస్తోందనుకున్నాడట. అన్నయ్యేమో తను అడక్కుండా సీడీ ఎక్కించినందుకు నాన్నే కోపంతో కట్టాడనుకుని, ఎందుకొచ్చిన గొడవని కిక్కురుమనలేదు... అలా నాలుగు రోజులు గడిచాయి.

గురువారం మధ్యాహ్నానికే బడి వదిలేశారు. ఇంటికొచ్చి చూస్తే అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని, పొడుగు నోట్సులో ఏదో రాసుకుంటోంది. తొంగి చూశాను... పాఠాలు.

"అదేటమ్మా, ఇవన్నీ టైపు సేసినావు కదా?"

అమ్మ తలెత్తలేదు. "పోయినాయి పాపా. నేనే ఏటో నొక్కీసినాను. తెరంతా నల్లగా అయిపోయి ఇంగ్లీషులో ఏటేటో గబగబా వచ్చీసినాయి. బయ్యమేసి స్విచ్చి ఆపీసినాను. మీ అన్న సదువుకని తెచ్చినది నేను పాడు సేసినాను... మీ నాన్నకి సెప్పకు."

గుర్తున్నంత వరకు మళ్ళీ మొదటి నుంచి రాస్తోంది. అప్పటికి తొమ్మిది పాఠాలయ్యాయి. నాకు ఏడుపొచ్చింది. చెప్పనని ఒట్టేసి, పక్కన కూర్చుని స్కేలు పెట్టి మార్జిన్లు గీసిచ్చాను... ఎనిమిదో క్లాసు పిల్లకి అంతకన్నా ఏం చేతనవుతుంది!

సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి, మరమరాలు నములుతూ అన్నయ్యని అడిగాడు.

"ఏరా, నీ పనింకా అవలేదేటి? ఎన్నాళ్ళుంచుతావా గుడ్డ?"

"నేను కట్టలేదు నాన్నా. నువ్వు కట్టినావనుకున్నాను."

"నేనెందుకు కడతాన్రా?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను వంటింటి వైపు చూశాను. ఒట్టు అక్కడికే సరి...

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "నేనే కట్టినాను. ఇంకెవులైనా ముట్టుకుంటే మరీ పాడవుతాదని..."

అన్నయ్యకి సంగతంతా ఒక్కసారిగా అర్థమైంది. గబుక్కున లేచి గుడ్డ ముడి మీద చెయ్యి వేశాడు. నాన్న ఆపాడు.

"ఆగరా. కట్టినోళ్ళే ఇప్పాల."

అమ్మ చేతులు చీర కొంగుకి తుడుచుకుని వచ్చింది. ముడి బిగుసుకుపోయి ఒక పట్టాన రాలేదు. ఎవరం సాయం పట్టలేదు. గుడ్డ వచ్చాక అన్నయ్య కంప్యూటర్ ఆన్ చేసి, ఆ మూడక్షరాలు కొట్టాడు. విండోస్ వచ్చింది... పాఠాలన్నీ అలాగే ఉన్నాయి. అమ్మ ఒక్కొక్కటీ తెరిపించి చూసుకుంది. ఇరవై రెండోది కూడా చూశాక, అప్పుడు ఏడ్చింది.

"నువ్వేటీ పాడు సెయ్యలేదమ్మా. నేను సెప్పకపోవడమే తప్పు," అన్నాడు అన్నయ్య.

"ముందే ఒక్క ముక్క సెప్పుంటే సరిపోయేది కదరా," అంది అమ్మ. నాలుగు తిట్టి ఉంటే వాడికి కాస్త తేలికగా ఉండేదేమో...

ఎవరూ ఏమీ కొట్టకపోతే విండోసే తెరుచుకునేలా అన్నయ్య అప్పటికప్పుడు మార్చేశాడు. తన లినక్స్ కావాలంటే ఆ ఐదు సెకన్లలో తనే హడావిడి పడేవాడు. సెలవుల్లో మా వరండా నిండా పిల్లలే...

ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్ళది. వేలు పెడితే చాలు, తెరుచుకుంటుంది. ఒక్క కంప్యూటర్ చుట్టూ నలుగురం తిరిగిన ఆ ఇల్లు తలుచుకుంటే ముచ్చటేస్తుంది గానీ... ఆ నాలుగు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ముగ్గురం ఒకరి మీద ఒకరం అనుకున్నాం. రోజూ దాని ముందు కూర్చునేది అమ్మే అయినా, ఆ గుడ్డ అమ్మ కట్టి ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు.

తప్పు తనదేననుకుని నోరు విప్పని మనిషి మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. వాళ్ళ సంగతి కింద రాయండి... రాసే ముందు, దగ్గర్లో ఉంటే, తప్పు వాళ్ళది కాదని ఒక్కసారి చెప్పి రండి.