చెదిరిన నాట్ల ముఠా

బెజవాడ పటమటలోని ఒక డిగ్రీ కాలేజీలో ఛాయాదేవి లెక్కలు చెబుతుంది. నలభై దాటాక పీహెచ్‌డీ మొదలుపెట్టింది. విషయం బైఫర్కేషన్ అనగానే తోటి లెక్చరర్లంతా రాష్ట్ర విభజన అనుకున్నారు.

"అది కాదండీ," అని నవ్వేది. "ఏదో ఒకటి కొద్దికొద్దిగా మారుతున్నంతసేపూ అంతా మామూలుగానే కనిపిస్తుంది. ఒక హద్దు దాటగానే మొత్తం తిరగబడుతుంది. ఆ హద్దు ఎక్కడుందో సమీకరణాలతో వెతుకుతున్నాను."

వెతుకుతున్నది వరినాట్లలో. ఉయ్యూరు దగ్గర తమ్ముడు రామకోటేశ్వరరావు పొలంలో ఏటా వానాకాలం సార్వా పంటకి తెరేసమ్మ నడిపే ఆడకూలీల ముఠా వచ్చి నాట్లు వేసేది. ఊళ్ళో కొందరు అప్పటికే నాటే మిషన్లకు మారుతున్నారు. లెక్క కడితే ఛాయాదేవికి తేలింది ఇదీ: ముఠా నిలవాలంటే చుట్టుపక్కల కొంత పొలమైనా దానికి పని ఇస్తూ ఉండాలి. అది తగ్గితే ఆడవాళ్ళు తలో దారి చూసుకుంటారు. ఒకసారి చెదిరాక మిషను అద్దె రెట్టింపైనా, రైతులంతా మనసు మార్చుకున్నా ముఠా మళ్ళీ తయారుకాదు.

ఆ ఏడు తమ్ముడు కూడా మిషను మాట్లాడాడు. అక్క ఇంట్లో అన్నం తింటూ ఆ సంగతి చెప్పాడు.

"వద్దురా కోటీ. నువ్వూ ఇంకో నలుగురూ మారితే ముఠా ఉండదు."

"ఒక్క ఏడాదేగా అక్కా. కుదరకపోతే మళ్ళీ తెరేసమ్మనే పిలుద్దాం."

"అలా వెనక్కి రాలేమనేగా నా థీసిస్ అంతా!"

"నీ థీసిస్‌కి వానా ఎండా తెలుసా ఏంటి?" అంటూ అతను పెరుగు కలుపుకున్నాడు.

ఆమె ఇంకా వాదించి ఉండవచ్చు. వాదించలేదు. తన లెక్క నిజమో కాదో కళ్ళారా చూడొచ్చన్న కోరిక మనసులో ఒక మూల ఉంది. అప్పుడు దాన్ని ఉత్త కుతూహలం అనుకుంది.

నాట్లు చక్కగా పడ్డాయి. ఆ వరసలు చూసి పక్క రైతులూ మారారు. మరుసటి సార్వాకి వానలు తెరిపి లేకుండా పడి చేలు నిండిపోయాయి. మిషను బురదలో దిగబడింది. నారు ముదిరిపోతుంటే కోటి అక్కకు ఫోన్ చేశాడు.

"తెరేసమ్మ బెజవాడొచ్చేసిందంట. కనుక్కో అక్కా, నీకు దణ్ణం పెడతా."

కాలేజీకి రెండు వీధుల అవతలే, ఒక లేడీస్ హాస్టల్ వంటగదిలో దొరికింది తెరేసమ్మ. వంకాయలు తరుగుతోంది.

"ముఠాని మళ్ళీ కూడగట్టగలవా తెరేసమ్మా?"

"ఎవర్నని పిలవనమ్మా? క్రిస్టినా వాళ్ళు రొయ్యల షెడ్డుకి పోతన్నారు. కనకలక్ష్మి అపార్ట్‌మెంట్లలో పాచిపనికి కుదిరింది. నేనొక్కదాన్నే దిగి ఏం నాటను?"

"నువ్వు బాగున్నావా?"

"బాగానే ఉన్నానమ్మా. నీడపట్టున పని, నడుంనొప్పి తగ్గింది." ఇంకో వంకాయ అందుకుంది. "అక్కడ పక్కన మనుషులుండేవాళ్ళు. ఇక్కడ పొద్దస్తమానం నోరు తెరవకపోయినా పని జరిగిపోద్ది."

ఛాయాదేవి సమీకరణంలో ముఠా ఒక అక్షరం. ఆ అక్షరం సున్నాకి పడిపోవడం కంప్యూటర్ తెర మీద ఎంత నున్నగా కనిపించిందో ఆమెకి గుర్తొచ్చింది.

తమ్ముడు చివరికి నాట్లు మానేసి, నీరు తీశాక ఆలస్యంగా విత్తనం వెదజల్లాడు. పంట సగమే వచ్చింది. థీసిస్ మాత్రం గట్టెక్కింది. ఆఖరి మౌఖిక పరీక్షలో బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ ఆ అధ్యాయాన్ని మెచ్చుకుని, "హద్దు ముందే తెలిసింది కదమ్మా. ఆపే దారేమైనా ఉందా?" అని అడిగాడు.

"ఉందండీ. అయిదారుగురు రైతులు కూడబలుక్కుని తలా కొంత పొలం ముఠాకి ఉంచితే చాలు."

"మరి వాళ్ళని ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా?"

"లేదండీ," అంది ఛాయాదేవి. "ఎవరూ అడగలేదు."

ఇప్పుడు కాలేజీలో 'డాక్టర్ గారూ' అని పిలిస్తే ఆమె వెంటనే పలకదు. కొత్త కదా, అలవాటు కాలేదని అందరూ అనుకుంటారు.