ఫ్రిజ్‌లో దాచిన బ్యాటరీలు

మా బావగారికి, అంటే మావారి అన్నగారికి, బ్యాటరీల గురించి తెలియని సంగతి లేదని ఆయన నమ్మకం. తెలిసిన సంగతి ఒక్కటీ లేదని నా నమ్మకం. ఆగిరిపల్లి దగ్గర మామిడితోట పక్కన ఒకే ఇంట్లో ఉంటాం కాబట్టి ఈ రెండు నమ్మకాలూ రోజూ ఎదురుపడుతూనే ఉంటాయి.

ఇంట్లోకి బ్యాటరీతో నడిచే వస్తువు ఏదొచ్చినా ముందు ఆయన చేతిలోకి వెళ్ళాల్సిందే. టార్చిలైటు, గోడగడియారం, టీవీ రిమోటు, దోమల బ్యాటు, చెట్లకి మందుకొట్టే స్ప్రేయరు, ఏదైనా సరే. అయిపోయిన బ్యాటరీని ఎవర్నీ పారెయ్యనివ్వరు. "దాన్లో ఇంకా ప్రాణం ఉంటుందమ్మా" అంటారు. ఆ ప్రాణం ఉందో లేదో నాలిక కొసకి ఆనించుకుని కళ్ళు మూసుకుని చెబుతారు. పెన్సిల్ బ్యాటరీకి ఒక కొస ఇటూ ఒక కొస అటూ ఉంటాయి, నాలికకి రెండూ ఒకేసారి ఎలా ఆనుతాయని అడిగితే, "అనుభవం ఉండాలి" అన్నారు. వరండాలో సొరుగు నిండా కొత్తవీ పాతవీ, మేకులూ, తాళంచెవులూ, తుప్పు పట్టిన బ్లేళ్ళూ అన్నీ కలిసి పడుంటాయి. అందులోంచి ఒక కొత్తదీ ఒక పాతదీ తీసి టార్చిలో వేసి, "పాతదానికి కొత్తది సాయం పడుతుంది" అంటారు. పాతది కొత్తదాన్ని కూడా ముంచుతుంది. తెల్లటి బూజులాంటిది కారి స్ప్రింగుకి అంటుకుంటుంది. ఆ టార్చి ఇక వెలగదు. "ఇప్పటి టార్చిలు ఇంతే" అని ఆయన దాన్ని అదే సొరుగులో పడేస్తారు.

ఒక వేసవిలో మాగాయకని ముక్కలు కోసి, ఉప్పు పట్టించి, డాబా మీద ఎండబెట్టాను. సాయంత్రం తీద్దామని వెళ్తే, అదే పట్టామీద, నా ముక్కల పక్కనే బ్యాటరీలు వరసగా పేర్చి ఉన్నాయి. ఎండకి ఛార్జింగు ఎక్కుతాయట. ఎక్కలేదు, రెండు పగిలి కారాయి. నేను ముక్కలన్నీ తీసుకెళ్ళి గొయ్యి తీసి పాతిపెడుతుంటే ఆయన వెనకాల నిలబడి, "అది ఉప్పేనమ్మా, కడిగితే పోయేది" అన్నారు. మా తోడికోడలు కూడా, "ఆయన అంత గట్టిగా చెబుతున్నారంటే ఏదో ఉండే ఉంటుంది" అంది. ఆ ఇంట్లో ఆయన బతుకంతా ఆ ఒక్క మాటమీదే నడిచింది. గట్టిగా చెప్పడం.

ఎండ పనికిరాలేదని తేలాక చల్లదనం మీద పడ్డారు. ఎవరో వీడియోలో చెప్పారట, ఫ్రిజ్‌లో పెడితే బ్యాటరీల ఆయుష్షు పెరుగుతుందని. ఆ రోజునుంచి ఫ్రిజ్ తలుపులో కోడిగుడ్లు పెట్టుకునే గుంటల్లో బ్యాటరీలు కూర్చున్నాయి. గుడ్లు కింద కూరగాయల్లోకి దిగాయి.

ఇంతవరకూ నవ్వుకుని ఊరుకున్నాను. తర్వాత జరిగినదానికి నవ్వలేకపోయాను.

మా అత్తగారికి చెవి సరిగా వినపడదు. విజయవాడ తీసుకెళ్ళి చెవి మిషను పెట్టించాం. చెవి వెనకాల చిక్కుడుగింజంత ఉంటుంది. దానికి మినప్పప్పు బద్దల్లాంటి చిన్న బ్యాటరీలు. ఒక్కోదాని మీదా రంగు కాగితం అతికించి ఉంటుంది. ఆ కాగితం ఊడదీసినప్పుడే గాలి తగిలి బ్యాటరీ పని మొదలుపెడుతుంది. తీశామంటే ఇక ఆగదు, వాడినా వాడకపోయినా అయిపోతుంది. ఆ మిషను పెట్టినాయన ఈ మాట మా అందరి ముందూ చెప్పాడు. బావగారు అప్పుడు తల ఊపుతూ వింటున్నట్టే ఉన్నారు.

ఆ ఏడాది కాయ కోతలు అయిపోయాక మా అమ్మకి మోకాలి ఆపరేషనని బాపులపాడు వెళ్ళాను. వెళ్ళేముందు అత్తగారి బ్యాటరీలు అట్టతో సహా ఆవిడ మంచం పక్క అలమరలో పెట్టి వెళ్ళాను. కొన్నాళ్ళకి మావారు ఫోన్లో, "అమ్మకి బొత్తిగా వినపడ్డం లేదు. అన్నయ్య మిషను చూశాడు. మిషను బాగానే ఉందట, చెవే పోయిందట" అన్నారు.

"డాక్టరుకి చూపించారా?"

"అన్నయ్య వెల్లుల్లి నూనె కాచి పోస్తున్నాడు."

మా అమ్మని వదిలి రావడానికి లేదు. బ్యాటరీ మార్చి చూడమన్నాను. మార్చారట, ఉన్నవన్నీ మార్చి చూశారట.

తొలకరి పడ్డాక తిరిగొచ్చాను. ఆటో మా తోట మలుపు తిరుగుతుండగానే రంపం మిషన్ల మోత వినిపించింది. ఎవరి తోటో అనుకున్నాను. దగ్గరికి వచ్చేసరికి మాదే. రోడ్డువైపు రెండు వరసలు కూలిపోయి ఉన్నాయి. చిన్న రసాల చెట్లు, కొమ్మలు నేలకి ఆని, ఆకులింకా పచ్చగానే ఉన్నాయి. ఆ చెట్లు మా మామగారూ అత్తగారూ కొత్తగా పెళ్ళైన రోజుల్లో పెట్టినవి. కావిడితో నీళ్ళు మోసి బతికించారని ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో! తోట కూడా ఆవిడ పేరునే ఉంది.

బావగారు గొడుగు వేసుకుని గట్టుమీద నిలబడి ఉన్నారు.

"ఏంటి బావగారూ ఇది?"

"పామాయిల్ వేస్తున్నాం అమ్మాయ్. మామిడికి రోజులు పోయాయి."

"అత్తయ్యకి తెలుసా?"

"తెలియకుండా చేస్తానా? మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ తలూపింది. మీ ఆయన కూడా పక్కనే ఉన్నాడు."

మావారి వైపు చూశాను. ఆయన నేల వైపు చూశారు. అన్న గట్టిగా చెప్పినప్పుడు మా ఆయనకి నేల మీద ఎప్పుడూ ఏదో ఒకటి కనిపిస్తుంది.

సంచీ వరండాలో పడేసి లోపలికి పరిగెత్తాను. అత్తగారు వెనక గదిలో మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మిషను చెవికే ఉంది. నన్ను చూసి ముఖం వికసించింది. మోకాళ్ళ దగ్గర కూర్చుని, "చెట్లు కొట్టెయ్యమని మీరు చెప్పారా అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ నవ్వుతూ తలూపింది. "తిన్నానమ్మా. నువ్వు తిన్నావా?"

ఆవిడ చెవినుంచి మిషను తీసి బ్యాటరీ బయటికి తీశాను. అలమరలో అట్ట లేదు. ఫ్రిజ్ తీశాను. పచ్చడి జాడీ వెనకాల చిన్న స్టీలు డబ్బా. అందులో ఆవిడ బ్యాటరీలన్నీ ఉన్నాయి, ఒక్కదానికీ కాగితం లేదు.

డబ్బా పట్టుకుని గట్టు దగ్గరికి వెళ్ళాను. "వీటి కాగితాలు ఎవరు తీశారు?"

"నేనే" అన్నారు బావగారు, మెచ్చుకుంటానేమోనన్నట్టు. "అమ్మ చేతులు వణుకుతాయి కదా, ఆ కాగితాలతో ప్రతిసారీ అవస్థ పడుతోంది. అన్నీ ఒకేసారి తీసి చల్లగా పెట్టాను."

కోపం వస్తే ఏదో ఒకటి అనేదాన్ని. వచ్చింది కోపం కాదు. ఆయన ముఖంలోకి చూస్తే అక్కడ మాట్లాడదగిన మనిషెవరూ కనపడలేదు. పని ఆపమని రంపం పట్టుకున్నవాళ్ళని అడిగాను. "పెద్దాయన చెప్పాలమ్మా" అన్నారు వాళ్ళు. పెద్దాయన చెప్పలేదు. స్కూటీ తీసుకుని నూజివీడు బయలుదేరాను.

ఆసుపత్రి పక్క మందులషాపులో చెవి బ్యాటరీలు దొరికాయి. తిరిగొచ్చేసరికి ఇంకో వరస మొదలుపెట్టారు. అత్తగారి దగ్గర కూర్చుని ఒక కాగితం ఊడదీసి, కాస్త గాలి తగలనిచ్చి, బ్యాటరీ మిషనులో పెట్టి మూత వేశాను. కుయ్‌మంది. చెవికి తగిలించాను.

ఆవిడ ఒక్కసారి ఉలిక్కిపడి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంటమ్మా ఆ మోత?"

"రంపాలు అత్తయ్యా. మన తోటలోనే. మీరు ఒప్పుకున్నారట."

"దేనికి ఒప్పుకున్నాను?"

చెప్పాను. ఆవిడ చింతపండు చేట పక్కన పెట్టి, చెంగు నడుముకి దోపుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. తోటలోకి దిగి, రంపం ఆనించబోతున్న చెట్టు దగ్గరికి వెళ్ళి దాని మొదలుకి వీపు ఆనించి నిలబడింది. ఆ మనిషి భయపడి మిషను ఆపేశాడు. ఒకటి ఆగేసరికి మిగతావీ ఆగాయి.

బావగారు గొడుగుతో పరిగెత్తుకొచ్చారు. "అమ్మా, నువ్వే కదే తలూపావు!"

"నువ్వేం అడిగావో నాకు వినపడితే కదరా. అన్నం తిన్నావా అంటున్నావనుకున్నాను. నా దగ్గరికొచ్చి ఇంకేం అడుగుతావు నువ్వు?"

"నీకు వినపడ్డం లేదని నాకేం తెలుసు?"

అమ్మకి చెముడొచ్చేసిందని ఊరంతా తిరిగి చెప్పిన నోరే అది. చెవిలో నూనె పోసిన చెయ్యి గొడుగు పట్టుకుని ఉంది. అక్కడున్న కూలీల్లో ఒకామె పక్కకి తిరిగి నవ్వాపుకుంది. మావారికి కూడా ఆ మాట తలకెక్కిందేమో, మొదటిసారి నేలమీదనుంచి కళ్ళెత్తారు. "ఇక చాల్లే అన్నయ్యా, వాళ్ళని పంపించెయ్" అన్నారు. అంతే అన్నారు. అది చాలా ఆలస్యంగా అన్నారని ఆ రాత్రి నేను ఆయనకి చెప్పాను.

కూలినవి కూలిపోయాయి. అత్తగారు ఒక్కో మొద్దు దగ్గరా ఆగి, చేత్తో తడిమి, ఏ చెట్టు ఎప్పుడు మొదటి కాపు కాసిందో నాకు చెప్పింది. ఏడవలేదు. ఇంటికొచ్చాక గదిలో కూర్చుని, "ఇన్నాళ్ళలో ఇంకా ఏమేం అడిగారో, వేటికి తలూపానో అన్నీ కనుక్కుని చెప్పు" అంది. కనుక్కున్నాను. ఆవు దూడని బావగారి వియ్యంకుడికి ఇచ్చేశారు. ఆవిడ ఇత్తడి గుండిగలు పాతసామానుకి పోయాయి. అన్నిటికీ ఆవిడ తలూపిందట. విని, "ఊఁ" అంది ప్రతిదానికీ.

తోటలో ఆ రోడ్డువైపు ముక్కలో ఇప్పుడు పామాయిల్ మొక్కలున్నాయి. మిగతా తోట ఆవిడ ఉన్నంతకాలం ముట్టుకోకూడదని అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. పెద్దకొడుకుతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది. బావగారు మాత్రం ఆ బ్యాటరీలు నకిలీవని ఒకసారీ, వినికిడి తిరిగొచ్చింది వెల్లుల్లి నూనె వల్లేనని ఇంకోసారీ చెబుతూ వచ్చారు. వినేవాళ్ళూ ఉన్నారు. పక్కతోట ఆయన మొన్ననే ఇన్వర్టరు బ్యాటరీ గురించి సలహా అడగడానికి వచ్చి, కాఫీ తాగి, బుద్ధిగా విని వెళ్ళాడు.

ఇప్పుడు చెవి బ్యాటరీలు నా బీరువాలో అట్టమీదే ఉంటాయి. అవసరమైనప్పుడు ఒకటి అడిగి తీసుకుని అత్తగారు తనే కాగితం ఊడదీసుకుంటుంది. చేతులు వణుకుతాయి, కాసేపు పడుతుంది, నన్ను చెయ్యి వెయ్యనివ్వదు. మొన్న అలా తీసుకుంటూ, నేను బావగారి గురించి ఏదో అంటే, "వాడు చెడ్డవాడు కాదే. నీకు తెలియదురా అని చిన్నప్పట్నుంచీ వాడికి చెప్పినవాళ్ళు లేరు. నేనూ చెప్పలేదు" అంది.

ఆవిడ తల్లి. ఆవిడకి అలా అనిపించడంలో తప్పు లేదు. నాకు మాత్రం అలా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. చెడ్డవాడైతే కనీసం తను చేస్తున్నదేమిటో తెలిసి చేసేవాడు.