అమ్మవారు రాలేదు, తల తిరిగింది

ఆ రోజు పొద్దున్నే పాలు పిండడానికి లేవాలని చాప మీద ఎడమ పక్కకు ఒత్తిగిల్లాను. ఇంటి కప్పు గిర్రున తిరిగింది. కాసేపటికి తగ్గింది. రక్తం తక్కువై ఉంటుందనుకుని ఎవరికీ చెప్పలేదు. అప్పటికే మా అత్త నన్ను బద్ధకపు మనిషి అనేది.

మాది కర్ణాటకలో బాగేపల్లి దగ్గర, గూళూరు పక్క పల్లె. ఆ వారమే ఊరి జాతర. ఆడవాళ్ళం బియ్యప్పిండితో చేసిన తంబిట్టు దీపాలు పళ్ళెంలో తల మీద పెట్టుకుని గుడికి పోతాము. గుడి ముందర పళ్ళెం దించి కింద పెట్టడానికి వంగాను. నేల తిరిగిపోయింది. దీపం పడి ఆరిపోయింది. స్తంభం పట్టుకుని ఊగిపోయాను.

"అమ్మొచ్చిండాది! నిమ్మకాయ తెండి!" అని ఎవరో అరిచారు.

పక్కింటి గంగమ్మవ్వ నా కాళ్ళు పట్టుకుంది. "తల్లీ, కంటికి ఆపరేషన్ అంటాండారు. చేయించుకోవాల్నా?"

ఆ తిరుగుడుకు నా తల అటూ ఇటూ ఊగింది.

"వద్దంటాంది!" అన్నారు అందరూ.

నిజం చెప్పలేదు. దీపం ఆర్పానని తిడతారని భయం. పైగా ఆ రోజు మా అత్తే నాకు కాఫీ కలిపి ఇచ్చింది. అది నాకు బాగుంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

తల తిరిగినప్పుడల్లా ఇంట్లో కర్పూరం వెలిగించారు. కొన్ని నెలలకు డెయిరీకి పాలు పోయడానికి పోతూ క్యానుతో సహా పడ్డాను. మా ఆయన బాగేపల్లి ఆస్పత్రికి తీసుకుపోయాడు. బీపీ, షుగర్, రక్తం అన్నీ నార్మల్. చిక్కబళ్ళాపురంలో ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి పంపారు.

ఆమె నా తల ఎడమకు తిప్పి గబుక్కున వెనక్కి పడుకోబెట్టింది. నేను కేక పెట్టాను. ఆమె నా కళ్ళనే చూసింది.

"కళ్ళు ఎట్ల కొట్టుకుంటాండాయో చూడప్పా," అంది మా ఆయనతో. "దీన్ని బీపీపీవీ అంటారు. చెవి లోపల సన్న ఇసుక లాంటిది చోటు తప్పిండాది. భయం లేదు."

తలను మెల్లగా ఒక్కో పక్కకు తిప్పి, ఆ ఇసుకను దాని చోటికి చేర్చే ఎప్లీ అనేది చేసింది. రెండు రోజుల్లో తగ్గింది. నెలకు మళ్ళీ వచ్చింది, మళ్ళీ చేయించుకున్నాను.

నాకు నయమైంది. గంగమ్మవ్వ మాత్రం అమ్మవారు వద్దందని ఆపరేషన్ మానుకుని గోడ తడుముకుంటూ నడుస్తోంది. ఒక రోజు పోయి చెప్పేశాను.

"అవ్వా, ఆ పొద్దు అమ్మవారు రాలే. నాకు తల తిరిగె. వద్దని నేను చెప్పలే."

అవ్వ తడుముకుని నా చెయ్యి పట్టుకుంది.

"నీ కాళ్ళు మొక్కితి కదే, దొంగదానా! ఇప్పుడు నువ్వే నన్ను ఆస్పత్రికి పిల్చుకుపో."

తోడు పోయాను. "ముందే రావాల్సిండె," అన్నాడు కంటి డాక్టరు. ఆపరేషన్ బాగానే అయింది. ఇప్పుడు నేను గోడ పట్టుకుంటే చాలు, అవ్వ వీధి అవతల నుంచే చూసి అరుస్తుంది. "ఏమే, అమ్మొచ్చిందా, తల తిరిగిందా?" అందరూ నవ్వుతారు. నేను తల దించుకుంటాను.

నేను చదివింది నాలుగో తరగతే. నాకు తెలిసింది ఇంతే. పడుకుని లేచేటప్పుడు ఒక్కసారిగా లేవకండి. తల తిరిగితే ఉన్నచోటే కూర్చోండి, పక్కవాళ్ళతో "నాకు తల తిరుగుతోంది" అని చెప్పి డాక్టరుకు చూపించుకోండి. గుడి ముందర నేను ఆ ఒక్క మాట అని ఉంటే అవ్వ అన్ని నెలలు గోడ తడుముకునేది కాదు.