ఉప్పు చూసే మాస్టరు

మా బావ ఉప్పును ఎప్పుడూ కొలవలేదు. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నాలుగు వందల మందికి మధ్యాహ్నం భోజనం వండే పెద్ద వంటవాడు ఆయన. అందరూ మాస్టరు అంటారు. మా అక్కను చేసుకున్న ఏడాదే నన్నూ ఆ వంటింట్లోకి తెచ్చుకుని రెండో పొయ్యి అప్పజెప్పాడు. గుప్పెడు ఉప్పు తీసి డేకిసాలో విసిరేవాడు. గరిటెతో కలిపి, ఒక చుక్క ఎడమ అరచేతిలో వేసుకుని నాకి, కళ్లు మూసుకునేవాడు. "ఊఁ" అన్నాడంటే ఇక ఆ కూర జోలికి ఎవరూ వెళ్లకూడదు. రోజూ ఆరు డేకిసాలు, ఒక్కోదానికి నాలుగైదు సార్లు. ఆ చుక్కలన్నీ కలిపితే గిన్నెడు కూర అవుతుందని ఇరవై ఏళ్లలో మాలో ఒక్కరికీ తట్టలేదు. వంటవాడు రుచి చూసింది తిన్నట్టు కాదని మా లెక్క.

ఆయనకు యాభై నిండిన ఏడాది ఫ్యాక్టరీలో అందరికీ ఆరోగ్య పరీక్షలు చేశారు. నర్సమ్మ బావ చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. చూసి, మళ్లీ కొట్టింది. లేచి వెళ్లి డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చింది. బీపీ నూట ఎనభై బై నూట పది.

"తలనొప్పి, కళ్లు తిరగడం ఏమైనా ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏమీ లేదండీ. గుండ్రాయిలా ఉన్నాను."

"మీ నాన్నగారు ఉన్నారా?"

"యాభై రెండుకే పోయారండీ. నిద్రలోనే. అదృష్టవంతుడు అన్నారందరూ."

డాక్టరమ్మ నవ్వలేదు. "అది గుండెపోటు అయ్యుంటుంది. మీ ఇంట్లో ఆ జబ్బు ఉందన్నమాట. బీపీ పైకి ఏమీ తెలియనివ్వదు, లోపల గుండెనీ రక్తనాళాలనీ అరగదీస్తుంటుంది. ఈ మాత్ర బాగున్నా సరే రోజూ వేసుకోవాలి. సిగరెట్ మానాలి. ఉప్పు సగానికి సగం తగ్గించాలి." ఆయన చేసే పనేంటో తెలిశాక ఇంకో మాట కూడా అంది. "రుచి ఇంకెవరిచేతైనా చూపించండి."

అక్క ఆ మాటలను అక్షరాలా పాటించింది. ఇంట్లో ఉప్పు డబ్బా పై అరకు ఎక్కింది. పక్కవాళ్లు కమ్మగా తింటుంటే ఆయనకు మనసు లాగుతుందని తానూ, కూతురూ కూడా చప్పిడి కూడే తిన్నారు. బావ మొదటి వారం మొహం మాడ్చుకున్నాడు. సిగరెట్ మాత్రం మానేశాడు, మాత్ర వేసుకున్నాడు, నెల తిరిగేసరికి చప్పిడికి అలవాటు పడిపోయాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయన నాలుక మారిపోయింది. ఎప్పుడూ వేసే ఉప్పు ఇప్పుడు నోట్లో పెట్టలేనంత అనిపించేది. తన నోటికి సరిపోయేట్టు వేస్తే నాలుగు వందల మందికి చప్పగా ఉండేది. పళ్లేలు సగం తిని వెనక్కి వచ్చేవి. బల్లల మీది ఉప్పు సీసాలు భోజనాల మధ్యలోనే ఖాళీ అయ్యేవి. మాస్టరు పనైపోయిందన్నారు.

బావను ఆటపట్టించడం కన్నా బావమరిదికి వేరే పనేముంటుంది? నేనూ ఊరుకోలేదు. "బావా, ఇది క్యాంటీనా, ఆస్పత్రా? మంచాలు కూడా వేయించమంటావా?" అన్నాను అందరి ముందూ. వంటిల్లంతా గొల్లుమంది.

మర్నాడు గిన్నెలు తోమే చోట, ఎవరూ లేకుండా చూసి, నన్ను పిలిచాడు. "ఒరేయ్, కొన్నాళ్లు ఉప్పు నువ్వు చూస్తావేంట్రా?" అన్నాడు. అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"దానికేం బావా, చూస్తాను. మరి ఆ మాస్టరు పదవి కూడా నాకే ఇచ్చెయ్యాలి" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నా నోరు పడిపోను! "సర్లే" అని గరిటె అందుకుని వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు. నేనూ వెనకాలే వెళ్లి, ఊరికే అన్నాను బావా, చూస్తాను అని చెప్పలేదు. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పట్టేది?

ఆ వారం నుంచి ఆయన జేబులో ఉప్పు పొట్లం ఉండేది. పొద్దున్నే రాగానే చిటికెడు నోట్లో వేసుకునేవాడు, నాలుక దారిలోకి రావాలని. మధ్యాహ్నం మాతో కూర్చుని మామూలు కూరే తినేవాడు. సాయంత్రం ఇంటికెళ్లి అక్క పెట్టిన చప్పిడి తిండి బుద్ధిగా తినేవాడు. నేనంతా చూస్తూనే ఉన్నాను. ఒకసారి అడిగితే "మాత్ర వేసుకుంటున్నాగా" అన్నాడు. కొన్నాళ్లకు అదీ పోయింది. ఆ మాత్రకు మాటిమాటికీ ఒంటేలుకు వెళ్లాల్సి వచ్చేది, పొయ్యి వదిలి ఎలా వెళ్తాడు? పైగా ఒంట్లో ఏ బాధా లేదు. బాధ లేదు కాబట్టి జబ్బూ లేదనుకున్నాడు. క్యాంటీన్‌కు మాత్రం పాత రుచి తిరిగొచ్చింది. మళ్లీ అందరూ మెచ్చుకున్నారు. సిగ్గు లేకుండా నేనూ సంతోషించాను.

ఆ రోజు పదకొండు గంటలకు దవడ లాగుతోందన్నాడు. పన్ను అనుకున్నాం. ఎడమ భుజం బరువుగా ఉందంటే, డేకిసా దింపేటప్పుడు పట్టేసిందేమోనని నేనే మర్దనా చేశాను. చెమటలు కారిపోతున్నాయి. పొయ్యి దగ్గర చెమట పట్టని వాడెవడు? గ్యాస్ అని ఎవరో సోడా తెచ్చిచ్చారు. "భోజనాలు వెళ్లిపోనీరా, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆఖరి డేకిసా బయటికి వెళ్లేసరికి ఒకటిన్నర. అప్పటికి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు, పెదాలు నల్లబడ్డాయి.

ఆస్పత్రిలో మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచారు. ప్రాణం దక్కింది. "నొప్పి మొదలైన గంటలోపు తీసుకొస్తే గుండె కండ దక్కేది. ఇంతసేపట్లో చచ్చిపోయిన కండ మళ్లీ రాదు" అన్నాడు అక్కడి డాక్టరు. రెండున్నర గంటలు మేం ఆ గుండె పక్కనే ఉండి కూరలు వండాం.

ఇప్పుడు నేనే మాస్టర్ని. ఉప్పు తూకం వేసి వేస్తాను. బావ ఇంట్లో ఉంటాడు. రోజూ పొద్దున్నే అక్క ఆయన బరువు చూస్తుంది, కాళ్లు నొక్కి వాపు చూస్తుంది. కిలో పెరిగితే, గుండె సరిగా తోడలేక ఒంట్లో నీరు చేరినట్టే. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

మొన్న ఆదివారం వెళ్లి పక్కన కూర్చున్నాను. "ఉప్పు ఎంత వేస్తున్నావు?" అని అడిగాడు.

"నీకన్నా మూడో వంతు తక్కువ బావా. నర్సమ్మ చెప్పినట్టు వారం వారం కాస్త కాస్త తగ్గించుకుంటూ వచ్చాం."

"పళ్లేలు వెనక్కి వస్తున్నాయా?"

"లేదు. అసలు ఎవరికీ తెలియలేదు."

"నేను ఒక్కసారే తగ్గించాను. మెల్లగా చేసుంటే వాళ్ల నాలుకలు కూడా నాతోపాటే మారేవి" అన్నాడు. నా వైపు తిరిగి, "అప్పుడు నిన్ను చూడమన్నాను, గుర్తుందా?" అన్నాడు.

"ఏం చూడమన్నావు?" అంటూ అక్క వంటింట్లోంచి వచ్చింది.

చెప్పాను. నేనాడిన వేళాకోళం, జేబులో పొట్లం, మానేసిన మాత్ర, అన్నీ చెప్పాను. అక్క నిలబడే విన్నది.

"అయితే నీకు తెలుసు" అంది.

"తెలుసక్కా."

"పది నెలలు నేనూ పిల్లా నోరు కట్టేసుకున్నాం రా. నాకొచ్చి ఒక్క మాట చెప్పలేకపోయావా?"

బావ కల్పించుకుని, "పోనీలేవే, వాడిదేం తప్పు..." అని మొదలుపెట్టాడు. ఊపిరి అందక మధ్యలోనే ఆగిపోయాడు.